రెండు గరిటెలు

మూత తీయగానే మల్లీశ్వరికి డోకొచ్చింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, కంచంలో మిగిలిన అన్నమూ, నమిలి వదిలేసిన మునక్కాయ పిప్పీ గబుక్కున బకెట్లోకి దులిపేసింది. అడుగున ఉన్న ముద్ద మెల్లగా కదిలింది. నిద్రలో పసిబిడ్డ పెదవి చప్పరించినట్టు కదిలింది. జున్నుకీ చీముకీ మధ్య రంగు. మెతుకులు దాని మీద పడి, ఒక్కొక్కటే అంచులు కరిగి, లోపలికి దిగిపోతున్నాయి. నిన్న వేసిన కోడి ఎముక ఇవాళ కనిపించలేదు.

"ఛీ! తిన్నదాన్ని తినేది ఇంకోటి. ఎంగిలి మేసే దాన్ని తెచ్చి వంటింట్లో పెట్టారు," అనుకుంది.

కంకణాలపేటలో చెత్త బండి మానేసి అప్పటికి వారమైంది. నవధాత్రి అనే సంస్థ వాళ్ళు ప్రయోగశాలలో ఏడేళ్ళు పెంచిన జీవమట అది. పట్నంలోని తొమ్మిది వేల ఇళ్ళకీ ఒక్క శనివారం నాడే పంచారు. పేరేదో పెద్దది పెట్టారు గానీ, ఊరంతా దాన్ని ముద్ద అనే పిలిచింది. కూర తొక్కలూ ఎంగిలి మెతుకులూ వేస్తే తిని రోజుకి పావు వంతు పెరుగుతుంది. డబ్బాలో గీత దాటితే కొంచెం తీసి, డాబా మీద ఎండలో పల్చగా పరిస్తే రెండు గంటల్లో చచ్చి పొడైపోతుంది. ఆ పొడి మొక్కలకి బలం. ఇంతే సంగతి అన్నారు.

మల్లీశ్వరి ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. భయాలలో మాత్రం పెద్ద చదువులే చదివింది. ఫ్యాను తిరుగుతుంటే రెక్క ఊడి పడుతుందని, కూతురు జామకాయ కొరికితే గింజ గొంతుకి అడ్డం పడుతుందని భయం. మొగుడు ఏడుకొండలు మురుగు నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరు. అతను డ్యూటీకి బయల్దేరిన ప్రతిసారీ వాకిట్లో నిలబడి, అతను సందు మలుపు తిరిగేదాకా ఏవేవో ఊహించుకుంటూ ఉంటుంది. ముద్ద వచ్చాక ఆ భయాలన్నిటికీ ఒకే చోటు దొరికింది. బిడ్డ చెయ్యి పెడితే? మూత తోసుకుని బయటికొస్తే?

వీటికి తోడు బడివాళ్ళు ఇంకో పని పెట్టారు. పదో తరగతి పిల్లలకి లెక్కల ప్రాజెక్టు. వాళ్ళ ముద్దని మాత్రం మూడు వారాలపాటు ఏమీ తీయకుండా పెంచాలి. అందుకని పిల్లలున్న ఇళ్ళకి బకెట్టంత పెద్ద డబ్బా ఇచ్చారు. రోజూ సాయంత్రం కాటా మీద తూచి, బరువు రాసి, చుక్కలు పెట్టి, ఆ చుక్కల మీద కూర్చునే గీత ఏదో కనిపెట్టాలి.

"ఘాతీయ నమూనా అంటారమ్మా దాన్ని," అంది కూతురు లిఖిత, మోకాళ్ళ మీద గ్రాఫు కాయితం పరుచుకుని. "రోజూ అంతే బరువు కలవదు. ఉన్నదాంట్లో పావు కలుస్తది. మొదట నూరు గ్రాములు. మర్నాడు నూట పాతిక. ఆ నూట పాతికలో మళ్ళీ పావు. గీత మొదట పాకుద్ది, తర్వాత గోడెక్కినట్టు ఎక్కిద్ది."

"గోడెక్కుద్దంటే నిజంగానే ఎక్కుద్దా ఏందే?"

"అబ్బా, గీత ఎక్కిద్దమ్మా!"

పట్టికలో చివరి గడి తల్లిది. 'ముద్ద బయటికి తీయలేదు' అని అచ్చువేసి ఉంటుంది. దాని పక్కన రోజూ మల్లీశ్వరి సంతకం చేయాలి.

ఆరు రోజులు బాగానే గడిచింది. ఆరో రోజు సాయంత్రానికి మూడు వందల ఎనభై ఒకటి తూగింది. ఏడో రోజు పొద్దున్నే మూత తీస్తే ముద్ద బకెట్టులో కొలతకి గీసిన మొదటి వలయం దాటి ఉబ్బి ఉంది. పైన పొర మీద తడి మెరుస్తోంది. బకెట్టు గోడని అంటుకున్న చోట చిన్న చిన్న బుడగలు. మల్లీశ్వరి ఒళ్ళు జలదరించింది. ఇవాళ వలయం దాటింది, రేపు అంచు, ఎల్లుండి పొయ్యి గట్టు మీద... ఆ పైన ఊహించలేకపోయింది.

పాత అట్లకాడల డబ్బాలోంచి చొట్టపడ్డ గరిటె ఒకటి వెతికి తీసింది. ఊపిరి బిగబట్టి రెండు గరిటెలు తోడింది. మరి అవతల పారెయ్యడం ఎక్కడ? డాబా మీద పక్క వాటా ఆదెమ్మత్త పెట్టిన వడియాలు ఆరుతున్నాయి. కింద వాటా వాళ్ళ మిరపకాయలు పరిచి ఉన్నాయి. వాటి పక్కన ఈ రోతని ఎవరు పరుస్తారు? పరిస్తే ఆ వడియాలు ఎవరు తింటారు? తిన్నగా పాయిఖానాలోకి పోయి, పోసి, రెండు బకెట్ల నీళ్ళు కొట్టింది. గరిటెని సబ్బు పెట్టి మూడుసార్లు తోమి, స్నానాలగది మూల చీపురు వెనక దాచింది.

సాయంత్రం లిఖిత తూచింది. "మూడు వందల డెబ్బై తొమ్మిది! నిన్నటికంటే తగ్గిందేందమ్మా?"

"కాటా పాతదైపోయింది కదమ్మడూ," అంది మల్లీశ్వరి, సంతకం చేస్తూ.

ఇక అది రోజువారీ పనైపోయింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగే లోపల రెండు గరిటెలు. వలయం కిందకి దించితేగాని ఆమెకి కాఫీ గొంతు దిగేది కాదు.

లిఖిత గ్రాఫు మీద చుక్కలు ఆరు రోజులు చక్కగా పైకెక్కి, ఆ తర్వాత బల్ల మీద గింజలు పరిచినట్టు సమంగా ఉండిపోయాయి. పిల్ల గుణకం పావు తీసేసి అయిదో వంతు పెట్టింది. గీత మొదటి చుక్కల కిందికి జారింది, చివరి చుక్కల పైకి పోయింది. పదో వంతు పెట్టింది. అస్సలు కుదరలేదు. చెరిపి చెరిపి కాయితానికి చిల్లులు పడ్డాయి. మూడో కాయితం చింపేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పద్నాలుగో రోజు బడి నుంచి వచ్చి సంచీ గోడకేసి విసిరికొట్టింది.

"ఏమైందే తల్లీ? ఎవరన్నా కొట్టారా? బండేమన్నా గుద్దిందా?"

"బాజీ సారు అందరి ముందూ నిలబెట్టారు. క్లాసులో ముప్పై రెండు మందిమి. ముప్పై ఒక్కరి గీతలూ కుదిరినయ్యంట, నాదొక్కటే కుదర్లేదంట. బద్ధకించి తూచకుండా రాశావా అన్నారు. నేను రోజూ తూచా కదమ్మా! నువ్వు చూశావు కదా!"

"చూశాను."

"పావు వంతు లెక్కేసుకుని ఏ రోజుకెంత రావాలో అంత రాసేయమన్నారు. కొలత తప్పుగానీ నమూనా తప్పు కాదంట. అట్టా రాయటం మోసం కాదా సార్ అంటే, మార్కులు కావాలా వద్దా అన్నారు."

మల్లీశ్వరికి నోరు తెరవాలనిపించింది. తెరిస్తే ఏమవుతుందో వరసగా కళ్ళ ముందు కదిలింది. పట్టికలో తన దొంగ సంతకాలు, పిల్లని బడి నుంచి తీసేయడం, వీధిలో ఆడవాళ్ళ నవ్వులు. "ఆయన చెప్పినట్టు రాసెయ్, పోయిద్ది," అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనకే వెగటేసింది. లిఖిత మాత్రం రాయలేదు. తన అంకెలే ఉంచుకుంది.

పద్దెనిమిదో రోజున, బుధవారం నాడు ఏడుకొండలు పంపుహౌసు బావిలోకి దిగాడు. ఊరి మురుగంతా చేరే గొయ్యి అది. దాన్ని అక్కడివాళ్ళు బావి అంటారు. మోటారు ఊరికే ఆగిపోతోందని, పైపు మూతికి గుడ్డేదో అడ్డం పడి ఉంటుందని నిచ్చెన మీద మోకాళ్ళ లోతు దిగి కొక్కెంతో కెలికాడు. బూటులోకి మురుగు పోయింది. పైకొచ్చి కడుక్కున్నాడు.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, రెండు కాళ్ళూ చాపి, "మల్లీ, ఇటు రా. నా పాదాలు చూడు," అని పిలిచాడు. గొంతులో సంబరం.

చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆ పాదాలని పొడుగాటి పగుళ్ళతో, ఆనెలతో, నల్లటి మడమలతో ఎరుగుదును అనుకున్న మనిషి చప్పున వెనక్కి జరిగింది. అరికాళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఒక్క ఆనె లేదు. ఒక్క పగులు లేదు. నెల బిడ్డ పాదాల్లాగా నున్నగా, తడిగా మెరుస్తున్నాయి.

"పార్లరుకి పోయినట్టు లేదూ? ఆడోళ్ళు వేలకి వేలు పోసి చేయించుకుంటారంట. నాకు మురుగులో ఊరికే అయిపోయింది!"

"ముట్టుకోమాకండి! ముట్టుకోమాకండి వాటిని!" అని అరిచింది.

"ఏందే నీ గోల?"

ఆమె పరుగున పాయిఖానాలోకి పోయి వాంతి చేసుకుంది. కోడి ఎముక కనబడకుండా పోయిన పొద్దు గుర్తొచ్చింది. ఆ ముద్దే చచ్చిన చర్మం తినేసింది. ఇంకొంచెం సేపుంటే చావని చర్మం కూడా తినేదేమో. తన చేత్తో, ఇక్కడే, ఇదే గుంటలో పోసిన రోత వీధుల కింద పాకి పాకి పోయి తన మొగుడి కాళ్ళు నాకింది.

బయటికొచ్చేసరికి అతను చెబుతున్నాడు: "ఇంజినీరు శనివారం పదకొండింటికి మళ్ళీ దిగమన్నాడు. ఈసారి మోకాళ్ళు కాదు, రొమ్ముదాకా దిగాల. అప్పుడు ఒళ్ళంతా తెల్లగా అయిపోద్ది, కొత్త పెళ్ళికొడుకులాగా!"

శుక్రవారం సాయంత్రం. ఏడుకొండలు రెండు డ్యూటీలు కలిపి చేస్తున్నాడు, ఇంట్లో లేడు. లిఖిత బకెట్టు తూచి, మూడు వందల ఎనభై అని రాసి, పట్టిక తల్లి ముందు పెట్టింది. మల్లీశ్వరి పెన్ను తీసుకోలేదు. లేచి వెళ్ళి చీపురు వెనక నుంచి గరిటె తెచ్చి గ్రాఫు కాయితం మీద పెట్టింది.

"నేనే తీశాను. ఏడో రోజు కాడ్నుంచి. రోజుకి రెండు గరిటెలు."

పిల్ల గరిటె వంక చూసింది. తల్లి మొహంలోకి చూసింది. "నాకు పిచ్చెక్కిందనుకున్నానమ్మా. ఎనిమిది కాయితాలు చింపాను," అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది మల్లీశ్వరికి.

"రోతగా ఉంది బంగారం. చూడలేకపోయాను."

"ఎక్కడ పోశావు?"

చెప్పింది. లిఖిత గోళ్ళు కొరుక్కుంది. తర్వాత పెన్సిలు తీసుకుంది. "ఎండలో అయితే చచ్చేది. గొట్టంలో ఎండెక్కడిది? తిండి కూడా బోలెడు."

"తోడులాగే కదే," అంది మల్లీశ్వరి నెమ్మదిగా. ఇరవై ఏళ్ళుగా రోజూ ఒక చెంచా పెరుగు తీసి పాలలో వేస్తున్న చెయ్యి అది. "గిన్నెలోది చెంచా తీసి ఇంకో గిన్నెలో వేస్తే అక్కడా తోడుకునిద్ది. గిన్నె మారితే పెరుగు పెరుగు కాకుండా పోయిద్దా?"

లిఖిత చప్పున తలెత్తింది. "అదేనమ్మా! నువ్వు తీసింది పోలేదు, చోటు మారింది. ఇక్కడున్నదీ అక్కడున్నదీ కలిపితే..." అంకెలు వేసింది. ఒక్కో రోజుకి ఒక్కో చుక్క. రెండు వారాలుగా కుదరని గీత ఈసారి ఒక్క చెరుపు లేకుండా పైకి పోయి, కాయితం అంచు దాటింది. "ఇరవయ్యో రోజుకి ఎనిమిది వేల ఆరు వందల డెబ్బై గ్రాములు. బకెట్లో ఉన్నది తీసేస్తే ఎనిమిది కిలోల పైన. మూడు రోజులకొకసారి రెట్టింపు."

మల్లీశ్వరి మొగుడికి ఫోను చేసింది. అంతా విని అతను పకపకా నవ్వాడు.

"ఎనిమిది కిలోలకి బావి నిండిద్దా పిచ్చిదానా? ఊరి మురుగంతా వస్తది ఇక్కడికి. ఒక్కింటి ముద్ద ఏ మూలకి? నీ భయాలకి ఇంజినీరు సెలవిస్తాడా నాకు? పెట్టెయ్, మోటారు మళ్ళీ ఆగింది."

ఫోను పెట్టేశాడు. అతనన్నది నిజమే. ఒక్కింటిది ఏ మూలకీ రాదు. అప్పుడే మల్లీశ్వరికి ఆదెమ్మత్త వడియాలు గుర్తొచ్చాయి. మిరపకాయలు గుర్తొచ్చాయి. మూడు వారాలుగా తను రోజూ డాబా ఎక్కుతోంది. ఏ డాబా మీదా, ఏ మూలా, ఒక్కరి ముద్ద కూడా ఎండుతుండగా చూడలేదు.

శనివారం పదింటికి బడిలో తల్లిదండ్రుల సమావేశం. నవధాత్రి నుంచి డాక్టర్ వకుళ అనే ఆవిడ వచ్చింది. వెనక గోడ మీద ముప్పై ఒక్క గ్రాఫులు అతికించారు. ముప్పై ఒకటీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఆవిడ వాటిని చూపించి, "మా ప్రయోగశాలలో వచ్చిన గీతా, మీ వంటిళ్ళలో వచ్చిన గీతా ఒకటే! ఇదే మా విజయం," అంది. చప్పట్లు కొట్టారు.

మల్లీశ్వరి లేచి నిలబడింది. గోడ గడియారంలో పది దాటి పావుగంట.

"అమ్మా, మీ ప్రయోగశాలలో వంటిల్లుందా?"

"అంటే?"

"దాని పక్కనే కూర్చుని అన్నం తిన్నారా ఎవరన్నా? మాకు రోతమ్మా అది. నేను రోజూ రెండు గరిటెలు తీసి పాయిఖానాలో పోశాను. తీయలేదని సంతకం పెట్టాను. పదమూడు సంతకాలు. నా బిడ్డ అబద్ధం చెప్పలేదు సారూ, నేను చెప్పాను."

బాజీ సారు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. తల్లులంతా కొంగులు సర్దుకుంటూ కిందకి చూశారు.

"అట్టా నేల చూపులు చూడమాకండమ్మా. గంటలో నా మొగుడు బావిలోకి దిగుతాడు. మీలో తీసినోళ్ళు ఎవరు డాబా మీద ఎండబెట్టారో చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి మూలన కూర్చున్న మస్తానమ్మ, "చేపలు ఎండేసుకునే డాబా అక్కా మాది. దాని మీద దీన్నెట్టా పరిచేది? చెంబుతో తోడి పాయిఖానాలో పోశా," అంది. ఇంకొకావిడ, "మాది మురుగు కాలవలోకి," అంది. మరొకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తలూపింది. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

లిఖిత లేచి క్లాసు వైపు తిరిగింది. "మీ రఫ్ పుస్తకాలు తీయండే. సారు దిద్దించక ముందువి."

ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పిల్లలు తీశారు. ముప్పై ఒక్క రఫ్ పుస్తకాల్లోనూ చుక్కలు కొన్నాళ్ళు ఎక్కి, ఒక చోట ఆగి, బల్ల మీద గింజల్లా పరుచుకుని ఉన్నాయి. వకుళగారు ఒక్కొక్కటే తిరగేసింది. నాలుగో పుస్తకం దగ్గర ఆగి, తలెత్తి గోడ మీది గ్రాఫులకేసి చూసింది.

"నేనే దిద్దించాను," అన్నాడు బాజీ సారు, ఎవరూ అడక్కుండానే. "గీత కుదరలేదని..."

లిఖిత బోర్డు మీద ఎనిమిది కిలోల మూడు వందల గ్రాములని తొమ్మిది వేలతో గుణించింది. డెబ్బై నాలుగు వేల ఏడు వందల కిలోలు. కింద రాసింది: మూడు రోజుల్లో రెట్టింపు. వకుళగారు ఇంజినీరు నంబరు కోసం వెతుకుతుంటే, మల్లీశ్వరి అప్పటికే గుమ్మం దాటింది. వెనకే బాజీ సారు స్కూటరు తీశాడు. "ఎక్కండమ్మా," అన్నాడు.

పంపుహౌసుకి చేరేసరికి పది యాభై. గోడకి ఖాకీ చొక్కా వేలాడుతోంది. ఏడుకొండలు నిక్కరుతో, ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది తొడుక్కోబోతూ ఉన్నాడు. నడుముకి తాడు కట్టి ఉంది. పక్కన ఇద్దరు పనివాళ్ళు గడ్డపారలతో బావి ఇనపమూత లేపుతున్నారు.

"దిగమాకయ్యా! దిగమాకు!"

"ఏందే, ఇక్కడికి కూడా వచ్చావా? సారు కూడా ఏంది..."

మూత పక్కకి జరిగింది.

అందులో నీళ్ళు లేవు. నిచ్చెన లేదు. మూత అంచుకి జానెడు కింద, నిండు కుండలో తోడుకున్న పెరుగులాగా, పసుపుపచ్చగా, గట్టిగా, తడిగా మెరుస్తూ ముద్ద నిలిచి ఉంది. మధ్యలో సగం కరిగిన ప్లాస్టిక్ చెప్పు ఒకటి. ఎండ పడగానే పై పొర సన్నగా ముడతలు పడి, కిందినుంచి ఏదో చప్పరించిన చప్పుడైంది. పనివాళ్ళలో ఒకడు అక్కడే కక్కుకున్నాడు. మల్లీశ్వరి కక్కుకోలేదు. మొగుడి నడుముకున్న తాడుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

ఏడుకొండలు లోపలికి చూశాడు. తొడుక్కున్న బూటు తీసి పక్కన పెట్టాడు. "ఇందులో నీ రెండు గరిటెలు ఏవే?" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

దాన్ని తోడి ఎండబెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. మురుగుతూముల మూతలన్నీ తెరిచారు. ఎండ తప్ప దాన్ని చంపేది ఏదీ లేదని వకుళగారే చెప్పింది, ఊళ్ళోనే ఉండి, చేతులకి తొడుగుల్లేకుండా. వీధికొక వరస కట్టి బకెట్లతో, చెంబులతో, తపేళాలతో తోడి, డాబాలెక్కించి పరిచారు. ఆదెమ్మత్త వడియాలు తీసేసింది. మస్తానమ్మ చేపలు తీసేసింది. ఊరు ఊరంతా ఎండుతున్న రోత వాసన. అన్నం ముందు కూర్చుంటే అదే వాసన, దిండు మీద తల పెడితే అదే. మల్లీశ్వరి చేతులు మోచేతులదాకా పసుపుపచ్చ జిగురు. మొదటి రోజు కక్కుకుంది, రెండో రోజు కక్కుకుంది. మూడో రోజు నుంచి కడుపులో ఏమీ లేక మానేసింది.

ఏడుకొండలు మేజోళ్ళు లేకుండా నేల మీద అడుగు వేయలేకపోతున్నాడు. వేస్తే చురుక్కుమంటుందట. ఆనెలు రావడానికి ఏళ్ళు పడుతుందన్నాడు డాక్టరు.

పన్నెండో రోజు సాయంత్రం లిఖిత పట్టిక తెచ్చింది. పాత కాయితం తీసేసి కొత్తది అతికించారు. చివరి గడిలో ఇప్పుడు అచ్చు లేదు. 'బయటికి తీసినది' అని బాజీ సారు చేతిరాతతో ఉంది.

"ముప్పై రెండు మంది అమ్మలూ రాయాలంట," అంది లిఖిత. "నిజం రాస్తేనే గీతలు మళ్ళీ దిద్దుతానన్నారు సారు."

మల్లీశ్వరి చెయ్యి తుడుచుకుని పెన్ను తీసుకుంది. రోకలి పట్టీ పట్టీ గట్టిపడ్డ అరచెయ్యి నున్నగా, గులాబీ రంగులో ఉంది. చిన్నప్పుడు కత్తిపీట తెగి బొటనవేలి మీద పడ్డ మచ్చ కూడా లేదు. దాన్ని చూడబుద్ధి కాక కొంగు కప్పుకుంది.

ఏడో రోజు గడిలో రాసింది: రెండు గరిటెలు. ఎనిమిదో రోజు: రెండు గరిటెలు. అలా పద్నాలుగు గడులూ నింపింది. ప్రతిదాని పక్కనా పేరు రాసింది. పెన్ను పట్టుకున్న చెయ్యి ఎవరిదోలా ఉంది. సంతకం మాత్రం తనదే.